టెలిస్కోపుకు బొట్టు

"సార్, మీ కళ్లద్దాల గుడ్డ జెర ఇస్తరా?"

సికింద్రాబాద్ స్టేషన్లో మల్కాజ్‌గిరి లోకల్ కోసం కూర్చున్నప్పుడు పక్కనున్నావిడ అడిగింది. ప్రభుత్వ బడిలో సైన్సు టీచరట. ఒళ్లో చిన్న టెలిస్కోపు. బడిలోని సైన్స్ క్లబ్‌కు ఏటా డబ్బిచ్చే ఒక ట్రస్టు దాన్ని ఇచ్చిందట. ప్రారంభోత్సవం నాడు ట్రస్టు పెద్దాయన సరిగ్గా అద్దం మీదే గంధం పూసి కుంకుమ పెట్టాడట.

నాకు ఒళ్లు మండింది. "శాస్త్రదృష్టి పెంచమని డబ్బిచ్చి, చూసే అద్దానికే బొట్టా! వద్దనలేదా అమ్మా?"

"అనేలోపే పెట్టేసిన్రు సార్. పిల్లలు చప్పట్లు సుత కొట్టిన్రు."

"ఆయన చిరునామా ఇవ్వండి. ఇవాళే ఉత్తరం రాస్తాను."

"రాసి మీరు మంచిగనే ఉంటరు. ఆయన అలిగితే వచ్చే ఏడు మా క్లబ్ బంద్. సాయంత్రం పిల్లలకు చంద్రుణ్ణి చూపిస్తనన్న. కోపం తర్వాత పడుదురు గానీ, ముందు ఈ గొట్టం గట్టిగ పట్టుకోండ్రి."

సభల్లో మూఢనమ్మకాల మీద మాట్లాడేటప్పుడు ఎవరు అడ్డొచ్చినా ఆగని నేను ఆ గొట్టం గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ ఊదుతూ తుడుస్తుండగానే మా రైలు వెళ్లిపోయింది.

ఆ ఉత్తరం రాయాల్సిందేనని ఇప్పటికీ అంటాను. కలం తీసిన ప్రతిసారీ, వచ్చే ఏడు ఆ పిల్లలకు చంద్రుణ్ణి ఎవరు చూపిస్తారన్న ప్రశ్న దగ్గర ఆగిపోతాను.