తాతయ్య పెట్టిన నంబరు

నా చిన్నప్పుడు మేం అరబ్బు దేశంలో, నిజ్వా అనే ఊళ్లో ఉండేవాళ్లం. అమ్మ అక్కడొక స్కూల్లో టీచరు. నాన్నకు రుసైల్‌లో ఫ్యాక్టరీ డ్యూటీ, వారానికోసారి సెలవుకు వచ్చి వెళ్లేవాడు. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్న, విజిట్ వీసా మీద వచ్చి కొన్నాళ్లు మాతో ఉన్నాడు. రాజమండ్రి దగ్గర హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. గుండె జబ్బు ఉండేది. దాని గురించి మాట్లాడాల్సి వస్తే, ఎవరి జబ్బో అన్నట్టు మాట్లాడేవాడు.

ఆయనకొక పిచ్చి ఉండేది. వందేళ్లకు పైగా కిందట ఇంగ్లండులో కొందరు పండితులు కూడి, మనిషి పోయాక అతని తెలివి ఎక్కడైనా మిగులుతుందా అని పరీక్షలు పెట్టారట. చనిపోయినవాళ్లతో మాట్లాడతామనే వాళ్ల ముందు కూర్చుని, బల్లల కింద దారాలు వెతికి, దొంగల్ని పట్టుకునేవాళ్లట. కొందరైతే ఒక మాట రాసి, కవరు సీలు చేసి, పోయాక ఆ మాట చెబుతామని చెప్పి మరీ పోయారట. మరి చెప్పారా అని అడిగాను. "చాలాసార్లు రాలేదనే రాసుకున్నారమ్మడూ. అలా రాసుకున్నారనే వాళ్లంటే నాకిష్టం" అన్నాడు.

ఆయన తిరుగు ప్రయాణానికి ముందు అందరం మత్రా బజారుకు వెళ్లాం. ఆ ఇరుకు సందుల్లో అమ్మ ఆయన చెయ్యి వదలకుండా నడిపించింది. ఆయన ఇత్తడి మేకులు కొట్టిన చిన్న చెక్కపెట్టె ఒకటి, మూడంకెల నంబరు తాళం ఒకటి కొన్నాడు. తన హైస్కూలు హిందీలో చాలాసేపు బేరమాడి, చివరికి కొట్టువాడు చెప్పిన ధరే ఇచ్చాడు. ఇంటికొచ్చి పెట్టెలో ఏదో పెట్టి, మాకు వీపు తిప్పి నంబరు మార్చి, తాళం వేసి నా చేతిలో పెట్టాడు.

"కవరైతే నువ్వు వెలుతురుకు పెట్టి చదివేస్తావు. నేను పోయాక వీలైతే నీకు నంబరు చెబుతాను. కల్లో గానీ మనసులో గానీ ఏదైనా తోస్తే ముందు నోట్‌బుక్‌లో రాయి, తర్వాత తిప్పు. తెరుచుకోకపోతే రాలేదని రాయి" అన్నాడు. అమ్మకు ఒళ్లు మండింది. "పసిపిల్లతో ఏం మాటలు నాన్నా అవి" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆయన వెళ్లిన రెండు నెలలకే ఫోనొచ్చింది. వీసా రెన్యువల్ కోసం ఇచ్చిన అమ్మ పాస్‌పోర్టు ఇంకా ఆఫీసులోనే ఉంది. అది చేతికొచ్చేసరికి ఊళ్లో అన్నీ అయిపోయాయి. ఆ పెట్టెను చూసి మండిపడ్డ మనిషే, రోజూ స్కూలు నుంచి రాగానే చెప్పులు విప్పుతూ, "తాతయ్య ఏమన్నా చెప్పాడా?" అని అడిగేది. నా నోట్‌బుక్ నిండా "రాలేదు" అన్న మాటే. ఆ మాట విన్నప్పుడు అమ్మ మొహం నేను చూడలేకపోయేదాన్ని.

ఒక శుక్రవారం మధ్యాహ్నం అమ్మ నిద్రపోతుంటే పెట్టె ఒళ్లో పెట్టుకుని, మూడు సున్నాల నుంచి వరుసగా తిప్పడం మొదలుపెట్టాను. తాతయ్య కల్లోకి వచ్చి చెప్పాడని అమ్మకు చెబుదామని నా ఆలోచన. ఆ కల్లో ఆయన ఏ చొక్కా వేసుకున్నాడో కూడా అనుకుని పెట్టుకున్నాను. నాలుగు వందల పదిహేడు దగ్గర తాళం ఊడింది. లోపల మడత పెట్టిన కాగితం ఒక్కటే ఉంది.

"అమ్మడూ, నేను చెప్పడం వల్ల తెరుచుకుంటే చాలా సంతోషం. నువ్వే వరుసగా తిప్పి ఉంటే పాపం వేళ్లు నొప్పి పుట్టి ఉంటాయి. ఏది జరిగితే అదే అమ్మకు చెప్పు, నా పేరున దొంగ కబురు చెప్పకు. అమ్మ సమయానికి రాలేకపోతే చివరిచూపు దక్కలేదని కుమిలిపోతుంది. బజారులో నా చెయ్యి పట్టుకుని నడిపించింది కదా, నాకు ఆ చూపు చాలని చెప్పు."

అమ్మను లేపాను. "తాతయ్య చెప్పలేదమ్మా, నేనే తిప్పాను" అన్నాను. "తెలుస్తూనే ఉంది, ఆ వేళ్లు చూడు ఎలా కందిపోయాయో" అంటూ కాగితం తీసుకుంది. చదువుతూ ఏడ్చింది, దొంగ కబురు దగ్గరికి మళ్లీ వచ్చి నవ్వింది. ఫోనొచ్చాక అమ్మ నవ్వడం అదే మొదలు. "ఈయన మనల్ని వదిలిపోయే రకం కాదే" అంది. తర్వాత నా నోట్‌బుక్ అడిగి, తన చేత్తోనే "రాలేదు. తిప్పి తీశాం" అని రాసింది.

ఇప్పుడు నేనూ సైన్స్ టీచర్నే. ప్రయోగం కుదరకపోతే పక్కవాడి లెక్క దించేసే పిల్లలకు ఈ కథే చెబుతాను. అమ్మ హాయిగా ఉంది, నా పాఠాలకు వంకలు పెడుతూ ఉంటుంది. పెట్టె నా దగ్గరే ఉంది. ఆ రోజు అమ్మ కాగితాన్ని మళ్లీ లోపల పెట్టి, తనూ ఏదో రాసి చేర్చి, నాకు వీపు తిప్పి నంబరు మార్చింది. అదేమిటని నేనెప్పుడూ అడగలేదు. ఆ నంబరు వినాల్సిన రోజు ఎంత ఆలస్యంగా వస్తే అంత మంచిది. వచ్చాక ఏమీ వినపడకపోతే రాలేదనే రాస్తాను. కానీ ఈసారి వరుసగా మాత్రం తిప్పను.