మా విశ్రాంతి రోజు, రెడ్డెప్ప నిద్ర: మదనపల్లె నుంచి కుప్పం దాకా

మీ డ్రైవరు రాత్రి ఎక్కడ పడుకున్నాడో మీకు తెలియదు. అవును, మిమ్మల్నే అంటున్నాను. థీమ్ పార్కులో ఏ రైడు దగ్గర ఎంత క్యూ ఉంటుందో, నీళ్లాటలు ఎన్నింటికి మొదలవుతాయో, హోటల్లో ఉచిత టిఫిన్ ఎన్నింటికి మూసేస్తారో నెల ముందే కనుక్కుంటారు. మిమ్మల్ని రోజూ తిప్పే మనిషి ఏ సీటులో కాళ్లు ముడుచుకుని తెల్లవార్చాడో మాత్రం అడగరు. ఇంత కోపం ఎందుకంటే, కార్మికుల పని గంటల మీద ఇరవై ఏళ్లుగా వ్యాసాలు రాస్తున్న నేను కూడా అడగలేదు. కాబట్టి ఈ తిట్లలో సగం నావే, పంచుకుందాం.

దసరా సెలవుల్లో గుంటూరు నుంచి బెంగళూరు వెళ్లాం. నేను, మా ఆవిడ సుభద్ర, పదమూడేళ్ల మా అమ్మాయి నిత్య. నగరం బయట ఉన్న ఒక పెద్ద థీమ్ పార్కులో రెండు రోజులు, మధ్యలో ఒక రోజు విశ్రాంతి, మళ్లీ ఒక రోజు పార్కు. ఇదీ ప్లాను. ఈ మధ్య రోజు చాలా అవసరం, మీరూ పెట్టుకోండి. రెండు రోజులు గిరగిరా తిరిగాక పెద్దవాళ్ల మెడలూ, పిల్లల కడుపులూ మాట వినవు. ఏజెంటు ద్వారా ఐదు రోజులకు కారు మాట్లాడుకున్నాం. డ్రైవరు రెడ్డెప్పది పుంగనూరు దగ్గర పల్లె, నలభై ఐదేళ్లుంటాయి. రెండో రోజు సాయంత్రం పార్కు గేటు దగ్గర అతను నన్ను పక్కకు పిలిచాడు.

"సార్, రేపు మీకు పార్కు లేదంట గదా. నేను ఊరికి పొయ్యొస్తానా? మా పట్టుపురుగు నాలుగో జ్వరంలో ఉండాది. ఇంట్లో అందరం కూసునేది ఆ ఒక్క దినమే. ఎల్లుండి పొద్దున్నే వచ్చేస్తా."

పట్టుపురుగు పాత పొర విడిచే ముందు మేత మాని, కదలకుండా పడి ఉండే దశను అక్కడి రైతులు జ్వరం అంటారు. గూడు కట్టేలోగా అలాంటివి నాలుగు వస్తాయి. ఈ సంగతి అతను చెబితే ఎంతో ఆసక్తిగా విన్నాను. విని ఏం చేశాను? "ఒక్కరే ఎందుకు వెళ్లడం, మేమూ వస్తాం! మదనపల్లె టమాటా మార్కెట్టు చూసి, మీ ఇంటి దగ్గర ఆగి, కుప్పం మీదుగా రాత్రికి తిరిగి వచ్చేద్దాం" అన్నాను. అతను "అట్లనే సార్" అన్నాడు. ఎంత ఉదారంగా ప్రవర్తించానో అనుకుంటూ ఆ రాత్రి హాయిగా పడుకున్నాను. అతను సెలవు అడిగాడు, నేను రోజంతా డ్యూటీ వేశాను. ఈ ముక్క నాకు మర్నాటి దాకా తట్టలేదు.

పొద్దున ఐదున్నరకు బయలుదేరాం. హోసకోట, చింతామణి మీదుగా మదనపల్లెకు మూడు గంటల పైచిలుకు. రోడ్డు బాగుంది, గాలి చల్లగా ఉంది. చింతామణి దాటాక ఓ చోట కారు మెల్లగా తారు దిగి, గరుసు మీద గరగరలాడింది. నిత్య ఉలిక్కిపడి లేచింది. రెడ్డెప్ప స్టీరింగ్ తిప్పి మళ్లీ రోడ్డు మీదికి తెచ్చాడు.

"నిద్దర కాదు సార్, ఎండ కండ్లల్లో కొట్టింది."

"ఆకాశమంతా మబ్బుగా ఉంది తమ్ముడూ" అంది సుభద్ర. "రాత్రి ఎక్కడ పడుకున్నావు?"

"కార్లోనే అక్కా. డ్రైవర్ల రూములో ఉండేది నాలుగు మంచాలు. వచ్చేది ముప్పై మంది."

"మొన్న?"

"మొన్న గూడా."

ఆ తర్వాత కారులో ఎవరూ నిద్రపోలేదు. రెండు రాత్రులు సరిగా కన్ను మూయని మనిషి చేతిలో మేం ముగ్గురం ఉన్నాం. నేను గీసుకున్న దారిలో ఇంకా రెండు వందల కిలోమీటర్లకు పైగా మిగిలి ఉంది.

తొమ్మిదికి మదనపల్లె చేరాం. అందరూ హార్స్‌లీ హిల్స్ వెళ్లమంటారు, వెళ్లండి. నాకైతే టమాటా మార్కెట్టు చూడాలని ఏనాటి నుంచో కోరిక. ఇక్కడ ఒక పూట ధర పడితే దేశంలో ఎక్కడెక్కడి వంటిళ్లలోనో తెలుస్తుంది. క్రేట్ల వరుసల మధ్య వేలం పాడే మనిషి నడుస్తుంటాడు, అతని వెనక కొనేవాళ్ల గుంపు. వేళ్ల సైగలు, కేకలు, చీటీలు. అర నిమిషంలో ఒక కుప్ప అమ్ముడైపోతుంది. నిత్య చాలాసేపు చూసి, "నాన్నా, ఇందులో రైతు ఎవరు?" అని అడిగింది. వెనక చేతులు కట్టుకుని నిలబడ్డ పెద్దాయనను చూపించాను. పండించిన ఆయన తప్ప అందరూ అరుస్తున్నారు. దీని మీద నేను ఉపన్యాసం మొదలుపెట్టబోతే, సుభద్ర ఆకలి వేస్తోందంటూ హోటలు వైపు నడిచింది.

మార్కెట్టు బయట బాషా భాయ్ దోశల కొట్టులో కారం దోశ, పల్లీ చట్నీ. ముగ్గురం కడుపునిండా తిన్నా రెండు వందలు దాటలేదు. పార్కులో అదే డబ్బుకు ఒక జొన్నపొత్తు, ఒక నీళ్ల సీసా వచ్చాయని చెబితే బాషా భాయ్ పెనం మీద నీళ్లు చిలకరిస్తూ నవ్వాడు.

"అలుపు తీర్చుకునేకి టమోటా మార్కెట్టుకి వచ్చినోళ్లని మిమ్మల్నే సూస్తాండా సార్. మీ డ్రైవరన్నకి దోశ పంపిచ్చినా, ఎనక్కొచ్చింది. తినే ఓపిక లేదంట. సీటు ఎనక్కి వాల్చి పడిపోయుండాడు. అరగంట వొదిలెయ్యండప్పా."

అరగంట వదిలేశాం. అరగంటే. నేనే వెళ్లి అద్దం మీద తట్టి లేపాను.

మదనపల్లె నుంచి పుంగనూరు ముప్పావు గంట లోపే. అక్కడి నుంచి లోపలికి తిరిగితే రెడ్డెప్ప పల్లె. దారి పొడవునా పచ్చటి మల్బరీ తోటలు. పొట్టి పుంగనూరు ఆవును చూడాలని నిత్య మెడ సాచి వెతికింది, ఒక్కటీ కనబడలేదు. కారు దిగుతూనే నిత్య ఆ ఆవుల సంగతి అడిగితే, రెడ్డెప్ప భార్య మునెమ్మ జవాబిచ్చింది. "ఆ ఆవులు మా మాదిరోళ్ల దగ్గర యాడుండాయమ్మా? ఫోన్లల్లో ఉండాయి, పెద్దోళ్ల మేడల్లో ఉండాయి." ఇంటి పక్కనే పట్టుపురుగుల షెడ్డు. చెప్పులు విడిచి లోపలికి అడుగు వెయ్యబోతున్న నిత్యకు ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు ఆగు! ఒంటికి ఏం పూసుకోనుండావు?"

"దోమలు కుట్టకుండా క్రీమ్, ఆంటీ."

"ఇంగేమి! దోమని తరిమేది పురుగుని వొదుల్తాదా? ఆడే ఉండు తల్లీ. కిటికీలోంచి సూడు, నేను సెప్తా."

కాబట్టి మేం చూసిందంతా కిటికీ జాలీలోంచే. లోపల అరల మీద వేలాది తెల్లటి పురుగులు, పైన చల్లిన సున్నం పొడి. ప్రతి పురుగూ తల పైకెత్తి అలాగే బిగుసుకుపోయి ఉంది. ఒక్కటీ కదలడం లేదు. నేను మనుషులు చేసిన అద్భుతాల మధ్య రెండు రోజులు గడిపి వచ్చాను, ఇంత విచిత్రం అక్కడ చూడలేదు.

"చచ్చిపోయాయా ఆంటీ?" గుసగుసగా అడిగింది నిత్య.

"సచ్చిపోతే నేనిట్లా నవ్వుకుంటా నిలబడతానా? నిద్దరపోతాండాయి. తల ఎత్తుకోని పండుకునేది వాటి వాడిక."

"ఆ మూలది లేచింది! ఆకలేస్తుందేమో."

"ఏస్తాది. అయినా ఆకెయ్యం. ముందు లేసిందానికి ఆకేస్తే అది లావైపోతాది, ఎనక లేసేది పీలగా ఉండిపోతాది. అది గూడు కట్టేటప్పుడు ఇది ఇంకా తింటా ఉంటాది. పంట సెడతాది. అందుకే దాదాపు అన్నీ లేసినాకే ఆకు. అంతదాకా అరలని కదిలిచ్చేదిల్లే."

"అయితే ఈ రోజు మీకు పని ఉండదా?" అన్నాను.

"లేకనే గదా సామీ ఈయప్పని రమ్మనింది. రేపటినుంచి ఏడు దినాలు రాత్రీ పగలూ ఆకే. నేనొక్కదాన్నే కోసి, మోసి, ఎయ్యల్ల. తలకి నీళ్లు పోసుకోవల్లన్నా, మొగుడూ పెండ్లాం నాలుగు మాటలు మాట్లాడుకోవల్లన్నా, ఈ జ్వరం దినమే మాకు."

వెనక్కి తిరిగి చూశాం. వరండాలో మంచం మీద రెడ్డెప్ప ఒక పక్కకు ఒరిగి నిద్రపోతున్నాడు. చేతిలో టీ గ్లాసు అలాగే ఉంది. సుభద్ర దాన్ని మెల్లగా తీసి కింద పెట్టింది.

పన్నెండున్నర అయింది. రెండున్నరకు కుప్పం చేరి, గ్రానైటు కోసే యార్డులు చూసి, ఎనిమిదికల్లా బెంగళూరులో ఉండాలని నా లెక్క. మునెమ్మ పెట్టిన రాగి సంగటి, ఊరిబిండి అనే పల్లీల పచ్చడి తిని లేచి, "రెడ్డెప్పా" అని మెల్లగా పిలిచాను. మునెమ్మ నాకూ మంచానికీ మధ్యకు వచ్చింది. రోడ్డు మీద జరిగింది నిత్య అప్పటికే చెప్పేసినట్టుంది.

"సామీ, ఏమీ అనుకోవద్దండి. పురుగుని లేపితే పంట పోతాది. ఈయన్ని ఇప్పుడు లేపితే ఏం పోతాదో మీరే సెప్పండి."

నేను వాదించాను. వాదించడం నా అలవాటు. ఐదు రోజులకు మాట్లాడుకున్నామన్నాను, దారిలో టీలు ఆపుకుంటూ నెమ్మదిగా వెళ్దామన్నాను. సుభద్ర బ్యాగు భుజాన వేసుకుంది. "మీ వ్యాసాలు ఇంకెవరైనా చదువుతున్నారో లేదో నాకు తెలియదు. మీరు మాత్రం ఒకసారి చదువుకోండి. బస్సుకు పదండి" అంది.

పదిహేను నిమిషాలు నడిస్తే మెయిన్ రోడ్డు. ఒకటిన్నర దాటాక పలమనేరు బస్సు దొరికింది. ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే టికెట్ లేదు. కండక్టరు నా వైపు చెయ్యి చాపి, "నువ్వొక్కడివే కట్టల్ల సార్, మగోడివి అయిపోతివి" అన్నాడు. మేం సరదాగా తిరగడానికి వచ్చామంటే, "ఈ రూట్లోనా? దారి తప్పినారా ఏమి?" అని అడిగాడు. పలమనేరులో మారి, వి.కోట, శాంతిపురం మీదుగా కుప్పం వెళ్లే బస్సు ఎక్కాం. రెండు బస్సులకూ కలిపి నా ఒక్కడి ఖర్చు నూట యాభై లోపే. శాంతిపురం దగ్గర రోడ్డు పక్కన ఇంటి గదులంత గ్రానైటు దిమ్మెలు కనిపించాయి. యార్డుల లోపలికి వెళ్లే టైము లేకపోయింది. నా ఉపన్యాసం ఒకటి తప్పిందని నిత్య సంతోషించింది. కుప్పం చేరేసరికి ఐదయింది. స్టేషన్లో టీ తాగి, సాయంత్రం రైల్లో జనరల్ పెట్టె ఎక్కితే రెండు గంటలు దాటాక బెంగళూరు.

మర్నాడు పొద్దున ఐదింటికి ఫోను. "సార్, బయల్దేరతాండా. బాగా నిద్దరపోయినా సార్, సిగ్గుగా ఉండాది." సుభద్ర నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"ఈ రోజు రావద్దు తమ్ముడూ. పురుగు లేచిందా?"

"లేస్తాండాయక్కా. మద్యాన్నానికి ఆకెయ్యల్ల."

"అయితే ఆకు వెయ్యి. రేపు రా."

"ఏజెంటు ఊరుకోడక్కా. ఈ దినం కూలి కోస్తాడు."

"ఆ ఏజెంటుతో ఈయన మాట్లాడతారు. మాట్లాడటమే ఈయన పని."

మాట్లాడాను. పావుగంట పట్టింది. గొంతు పెంచాల్సి వచ్చింది. చివరికి కోత ఉండదని ఏజెంటు రాతపూర్వకంగా మెసేజ్ పెట్టాక, ఆ మెసేజ్ రెడ్డెప్పకు పంపి, సిటీ బస్సులో పార్కుకు వెళ్లాం. గంట ఆలస్యమైంది. నిత్య రెండు రైడ్లు తక్కువ ఎక్కింది. తను దాని గురించి అడగనే లేదు. తన స్నేహితురాళ్లకు పంపిన ఫొటోల్లో పార్కువి రెండు, జాలీ కిటికీవి పదకొండు.

విశ్రాంతి అంటే పని లేకపోవడమని అనుకునేవాణ్ణి. మునెమ్మ ఇంట్లో అదొక పని. దానికి ఒక రోజు ఉంటుంది, కాపలా ఉంటుంది, అడ్డొచ్చేవాళ్లను ఆపే చెయ్యి ఉంటుంది. మన సెలవుల్లో విశ్రాంతికి అలాంటి కాపలా లేదు. డబ్బు పెట్టినవాడిది విశ్రాంతి అవుతుంది, తక్కినవాళ్లది ఓర్పు అవుతుంది. నేను రాసిన వాక్యాల్లో ఇలాంటివి చాలా ఉన్నాయి. కానీ ఒక మనిషి మంచం దగ్గర నిలబడి అతన్ని లేపడానికి నేను నోరు తెరిచాను. అది వ్యాసాల్లో లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఈ దారిలో వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: బెంగళూరు నుంచి మదనపల్లె, పుంగనూరు దాకా కారులో వెళ్లి దాన్ని అక్కడే వదిలేయండి, బస్సులో కుప్పం చేరి రైల్లో తిరిగి రండి. రైలు వేళలు ముందు రోజే చూసుకోండి, ఆడవాళ్ల ఆధార్ కార్డులు వెంట ఉంచుకోండి.

ఇక డిమాండ్లు.

పార్కుల్లో ఎన్ని కార్లకు చోటు కట్టారో చూసి, దానికి తగినన్ని మంచాలు, ఫ్యాన్లు, స్నానాల గదులు డ్రైవర్ల కోసం కట్టాలి.

అతిథికి గది ఇచ్చే ప్రతి హోటలూ డ్రైవరుకు పడక చూపించాలి. పార్కింగ్ స్థలం పడక కాదు.

నాలుగు రోజులు దాటిన ప్రతి బుకింగులో ఒక రోజు డ్రైవరుకు జీతంతో సెలవు ఉండాలి. ఆ సంగతి ఏజెంటు బుకింగు కాగితం మీదే రాయాలి.

నిద్ర చాలలేదు, బండి నడపను అన్న డ్రైవరుకు కూలి కొయ్యకూడదు, మరుసటి ట్రిప్పు ఆపకూడదు.

వీటన్నిటికీ అయ్యే ఖర్చు మా టికెట్లలో కలపండి. మేం కట్టగలం.