లచ్చమ్మ కుట్టిన దిష్టిచుక్క

మౌలాలి లచ్చమ్మ తొమ్మిదేళ్లుగా గుడ్డబొమ్మలు కుడుతోంది. మొగుడు పోయాక నలుగురిళ్లలో అంట్లు తోమి, వేళ్లు నాని పుళ్లు పడ్డాక, రెజిమెంటల్ బజార్‌లో రామ్మోహనరావు నడిపే మహిళా సంఘంలో చేరింది. దూది కూరి, కళ్లూ ముక్కూ కుట్టి ఆమె ఒళ్లోంచి దింపితే ఆ బొమ్మ ఎవరినో పిలవబోతున్నట్టుండేది. చివర్న ప్రతి బొమ్మకూ అరికాల్లో నల్లదారంతో దిష్టిచుక్క కుట్టేది. చుక్క లేకుండా పిల్లను గడప దాటిస్తామా? అదీ ఆవిడ పట్టుదల. ఒక్కరైనా "ఇది లచ్చమ్మ చేసిన బొమ్మ" అంటే చెవులారా వినాలని మాత్రం ఆమెకు మహా ఆశగా ఉండేది.

ఆ ఏడు రామ్మోహనరావు నల్లగుడ్డ తాను తెచ్చి పడేశాడు. ఉంగరాల జుట్టు పెట్టాలి, పూసల దండ వెయ్యాలి, వీపున చంటిపిల్లను కట్టాలి. రెండు నెలలు కళ్లు పొడుచుకుని కుట్టింది లచ్చమ్మ. అరికాళ్లకు లేతరంగు గుడ్డ వేసి, చుక్క మరవలేదు. తీరా మెడలో కట్టే చీటీలు వచ్చాక, పక్కన కూర్చునే డోరా ఇంగ్లిషు చదివి చెప్పింది.

"అక్కా, ఇవి ఆఫ్రికాల దిక్కులేని ఆడోళ్లు చేసిన్రంట. కొంటే వాళ్ల పిల్లలకు బువ్వ దొరుకుతదంట."

లచ్చమ్మ చీటీని అవతలికి నెట్టింది. "థూ! గాడ నిజంగ కుట్టుకునే తల్లి ఉంటది గదనే. దాని కష్టం సుత అమ్ముకుంటడా వీడు?"

సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఈ మహానుభావుడు ఏడుపు కూడా అరువు తెచ్చాడు. అయినా లచ్చమ్మ ఆ చీటీలే బొమ్మల మెడలో కట్టింది. ఈ పని పోతే మళ్లీ అంట్లే గతి.

సైనిక్‌పురిలో అమ్మకం పెట్టారు. టీలు అందించడానికి లచ్చమ్మను వెంట తీసుకెళ్లాడు. విమలమ్మ అనే పెద్దింటావిడ ఓ బొమ్మను ఎత్తుకుని, చీటీ చదివి, "అయ్యో పాపం, ఎంత కష్టంలో చేశారో!" అని కళ్లొత్తుకుంది. అంతలో అరికాలు కనబడింది.

"అరే, వాళ్లు కూడా దిష్టిచుక్క పెడతారా?"

"పెడతారండీ. అక్కడి తల్లుల ఆచారమండీ అది," అన్నాడు రామ్మోహనరావు తడుముకోకుండా.

లచ్చమ్మ టీ పళ్లెం బల్లమీద పెట్టేసింది. "గా చుక్క నేనే పెట్టినమ్మా. బొమ్మ నేనే కుట్టిన. మాది మౌలాలి."

రామ్మోహనరావు గబుక్కున పక్క బల్లవైపు తిరిగాడు. విమలమ్మ లచ్చమ్మను కిందినుంచి పైదాకా చూసింది. ఆమె కళ్లలో తడి అప్పుడే ఆరిపోయింది.

"ఓ, నువ్వు చేసిందా?" అంటూ బొమ్మను బల్లమీద పడేసి, రుమాలుతో చేతులు తుడుచుకుంది. "మన బజార్లో దొరికేదానికి ఇంత హడావుడి ఎందుకండీ?"

తొమ్మిదేళ్లుగా ఎదురుచూసిన మాట అలా చెవిన పడింది. అబద్ధమాడిన వాడికంటే ఆ రుమాలును చూస్తేనే లచ్చమ్మకు ఎక్కువ రోత పుట్టింది. బోర్లా పడ్డ బొమ్మను తీసుకుని, మెడలో చీటీ తెంపేసి, చంకనేసుకుని బస్టాపుకు నడిచింది.

మర్నాడు పొద్దున్నే పాత ఇంటివాళ్ల అంట్లు ముందేసుకుని కూర్చుంది.