చెల్లెలు చెయ్యని కోర్సు

మా పెద్ద మనవరాలు అసూయతో నిట్టూరిస్తే పక్కగదిలో గోళ్లరంగు ఆరిపోతుంది. సరే, ఫ్యాను కూడా తిరుగుతోందనుకోండి.

దాని చెల్లెలు రెండు వారాల నెయిల్ కోర్సులో చేరి, ప్లాస్టిక్ చేతుల గోళ్ల మీద పువ్వులు వేస్తుంటే ఇల్లంతా మురిసిపోయింది. పెద్దది కడుపుమంటతో నన్ను వెంటబెట్టుకుని అదే పనిలో ఆరునెలల కోర్సు నేర్పేచోటికి వెళ్లింది. అక్కడ ప్లాస్టిక్ చేతులుండవు; సాధనకి ఎవరి మనిషిని వాళ్లే తెచ్చుకోవాలి.

"మేడం, రేపు మా చెల్లి వస్తే, దాని సర్టిఫికెట్ చూసి నేరుగా పైక్లాసులో వేస్తారా?"

"లేదమ్మా, ఎవరైనా మొదటినుంచి నేర్చుకోవాల్సిందే."

"అయితే నన్ను ఇవాళే చేర్చుకోండి!" అంటూ నా చెయ్యి లాగి బల్లమీద పెట్టేసింది.

ఇదంతా రాసి దానికి చదివి వినిపిస్తే, నా బొటనవేలిగోరు మీద ఆకురాయి ఆపకుండానే అంది: "అసూయా? నాకా? నీ గోళ్లు చూడలేక చేరాను తాతయ్యా. ఇందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు."