ఎనోసా మామ తిప్పని పడవ

ఎనోసా మామకు లోకంలో ఒక్కటే గిట్టదు: తలకిందులైన వస్తువు. వెల్లకిలా పడ్డ తాబేలు, బోర్లించిన బకెట్టు, తిరగబడ్డ చెప్పు, ఏది కంటపడినా సరే, దాన్ని తిప్పిపెట్టేదాకా ఆయన చేతులు ఊరుకోవు.

దీవిలోని రేంజర్లకు ఆయనే పెద్ద. గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కిన తాబేళ్లు తిరిగి దిగేటప్పుడు రాళ్ల మీంచి జారి వెల్లకిలా పడతాయి. ఎండెక్కేలోగా తిప్పకపోతే అంతే సంగతులు. నలుగురు పట్టాల్సిన తాబేలును మామ ఒక్కడే భుజం ఆనించి తిప్పేస్తాడు. "పో తల్లీ, ఈసారైనా కింద చూసుకుని నడువు" అని సాగనంపుతాడు. ఉద్యోగానికి ఆ గుణం వరమే. చిక్కల్లా డ్యూటీ దిగినా అది దిగదు.

ఆఫీసులో కడిగి బోర్లించిన కప్పులు క్షణంలో నోళ్లు తెరుచుకుని పైకి చూస్తుంటాయి. వాటిలో బల్లులు కాపురం పెడతాయి. ఓసారి ఎవరిదో పడవ బోర్లించి ఉందని తిప్పేశాడు. వానాకాలమంతా అందులో కప్పల కచేరీ.

"వాన పడుతుందనే కదా మామా బోర్లించాం?"

"నిన్నలా బోర్లిస్తే ఊరుకుంటావా?"

చర్చిలో పాటల సాధన ఉన్న సాయంత్రాలు మరీ పూనకం. ఊరంతా పాడుతుంటే ఆయన మాత్రం గొంతు బాగాలేదంటాడు. జనం ఇళ్లకు తిరిగొచ్చేసరికి వంటిళ్లలో ఒక్క గిన్నె బోర్లా ఉంటే ఒట్టు. దాంతో ఆడవాళ్లు గిన్నెల మీద గుడ్డలు కప్పి మరీ చర్చికి వెళ్లేవారు.

అలాంటి మనిషి ఒక్క పడవ జోలికి మాత్రం పోలేదు. అది ఆయన బావ కెబీది. కెబీ పోయినప్పుడు ఆయన భార్య, అంటే మామ చెల్లెలు మలీటా, దాన్ని ఒడ్డున వొంగాయ్ చెట్టు కింద బోర్లించింది. "సమాధిరాయి ముసుగు తీసే పండుగ దాకా దీన్నెవరూ ముట్టుకోవద్దు. ఆ రోజు మొదట నేనెక్కుతాను. తర్వాత ఇది నా కూతురిది" అంది. ఆ దీవిలో మనిషి పోయిన ఏడాదికో రెండేళ్లకో సమాధిరాయికి కప్పిన ముసుగు తీసి, దుఃఖం తీరిందని ఊరంతా పండుగ చేస్తారు.

కూతురు సెరాయ్ కొత్తగా రేంజరైంది. అలలకు కొట్టుకొచ్చిన వలలను మామతో కలిసి ఒడ్డుకు లాగుతున్నా ఆమె కళ్లు ఆ పడవ మీదే. ఎండకీ ఉప్పుగాలికీ అది ఏమైపోయిందోనని బెంగ. మామ మాత్రం రోజూ జేబుల్లో చేతులు పెట్టుకుని దాని పక్కనుంచే పోతాడు.

"మామా, ఒక్కసారి ఎత్తి చూడు. పండుగ రోజున అది కుళ్లిపోయి కనిపిస్తే అమ్మ తట్టుకోలేదు."

"మీ అమ్మ వద్దంది కదే."

"నువ్వెప్పుడు ఎవరి మాట విన్నావు? ఊరందరి గిన్నెలూ కనిపిస్తాయి, మా నాన్న పడవే కనిపించదా?"

దూరంగా బోర్లా పడ్డ కొబ్బరిచిప్ప కనబడితే మామ అటు నడిచాడు. సెరాయ్‌కి ఒళ్లు మండిపోయింది.

పండుగ రానే వచ్చింది. రాయి ముసుగు తీశారు, డప్పులు మోగాయి, ఆటలయ్యాయి. మలీటా నేరుగా పడవ దగ్గరికి వచ్చి "తిప్పండి" అంది. నలుగురు రేంజర్లు ఎత్తి తిప్పారు. సెరాయ్ కళ్లు మూసుకుంది.

తెరిచి చూస్తే లోపలంతా నిగనిగలాడే పచ్చరంగు. కూర్చునే చెక్కలన్నీ కొత్తవి. రివెట్టు ఒక్కటీ కదల్లేదు. పడవ కింద ఇసుకలో, ఆఫీసులో ఎప్పుడో పోయిన కప్పు ఒకటి, అడుగున పచ్చరంగు గడ్డకట్టి ఉంది. బోర్లించిన పడవ కింద కూడా అది నోరు పైకి పెట్టుకుని, బుద్ధిగా నిలబడి ఉంది.

ఆ దీవిలో కప్పును అలా పెట్టేవాడు ఒక్కడే. అందరూ మామ వైపు తిరిగారు. ఆయన మబ్బుల్ని పరీక్షిస్తున్నాడు.

"ముట్టుకోవద్దన్నాను కదా అన్నా" అంది మలీటా.

"నేనెక్కడ ముట్టుకున్నాను? కుంచె ముట్టుకుంది."

ఆమె కొత్త చెక్క మీద చెయ్యి వేసి నిమిరింది. తర్వాత ఆమెకు నవ్వొచ్చింది. "పాటల సాధన రోజుల్లోనా? ప్రతిసారీ నువ్వే తిప్పి, మళ్లీ నువ్వే బోర్లించి వెళ్లావా? నీ చేతులెలా ఒప్పుకున్నాయి అన్నా?"

"ఎక్కడ ఒప్పుకున్నాయి? అందుకే కదమ్మా, పోతూ పోతూ మీ అందరి గిన్నెల మీదా పడ్డాను."

సెరాయ్ మామ మెడ చుట్టూ చేతులు వేసింది. మలీటా పడవెక్కి కూర్చుంది.

ఇప్పుడు ఆ దీవిలో ఎవరూ గిన్నెల మీద గుడ్డలు కప్పరు. పాటల సాధన ఉన్న సాయంత్రాలు ప్రతి ఇల్లాలూ మామ కోసం ఒక గిన్నె బోర్లించి మరీ చర్చికి వెళ్తుంది.