పచ్చచుక్క కింద గడియారం

మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథికి గడ్డ వచ్చిందన్నప్పుడు నేను పెద్దగా భయపడలేదు. క్యాన్సర్ కాదన్నారు, ముక్కులోంచి తీసేస్తామన్నారు. సరే కానివ్వండి అన్నాను. తీరా ఆపరేషన్‌కి ముందు తీసిన స్కాన్‌లో, ఆ పక్కనే ఓ రక్తనాళం బుడగలా ఉబ్బి కనిపించింది. ఇలాంటి గడ్డ ఉన్నవాళ్ళలో కొందరికి ఇదీ ఉంటుందట. నాకే రావాలా, రెండూ!

"ముందు దీని సంగతి చూడాలమ్మా. రెండు వారాల్లో పిలుస్తాం. ఈలోగా ఒక్కసారిగా భరించలేని తలనొప్పి వస్తే పగిలిందేమో అనుకోవాలి, క్షణం ఆగొద్దు. ఇంట్లో తోడెవరుంటారు?" అన్నాడు డాక్టరు.

"ఉంటారండి," అన్నాను. ఎవరుంటారు, నా మొహం! గోపన్‌పల్లిలో పదకొండో అంతస్తు ఫ్లాట్, నేను, నా లాప్‌టాప్.

ఇంటినుంచి పనిచేసేవాళ్ళకి ఒక చిట్కా ఉంది. తెర మీద ఆఫీసు చాట్‌లో మన పేరు పక్కన పచ్చచుక్క వెలిగితే పనిలో ఉన్నట్టు. కాసేపు మౌస్ కదలకపోతే అది పసుపవుతుంది, మేనేజరు ఆరా తీస్తాడు. అందుకని మౌస్‌ని చేతిగడియారం మీద పెట్టేసి లేచిపోతాం. కింద సెకన్ల ముల్లు తిరుగుతుంటే చాలు, మౌస్ కదులుతున్నట్టే లెక్క, చుక్క పచ్చగానే ఉంటుంది. ఆ సాయంత్రం ఆ గడియారాన్ని చూస్తే ఒకటి తట్టింది. నేను పోయినా నా చుక్క పచ్చగానే ఉంటుంది కదా!

తీసి సొరుగులో పడేశాను. టీములో నన్ను అక్కా అని పిలిచేది చందానగర్ అమ్మాయి ఒక్కతే. ఆమెకి ఫోన్ చేసి అంతా చెప్పాను. "నా చుక్క పసుపైతే ఫోన్ చెయ్యవే. ఎత్తకపోతే అంబులెన్స్ పంపించు."

"ఫికర్ చెయ్యకు అక్కా, నేను చూస్తనే ఉంట."

గురువారం మధ్యాహ్నం వచ్చింది నొప్పి. ఫోన్ పక్కనే ఉంది గానీ, దాని వెలుతురు చూస్తే వాంతి వస్తోంది. ఈపాటికి పసుపై ఉంటుంది, ఇదిగో చేస్తుంది, ఇప్పుడే చేస్తుంది అనుకుంటూ నేలమీద పడున్నాను. చెయ్యలేదు. అంత ఒంటరితనం నేనెప్పుడూ ఎరగను. గంట తర్వాత గోడ పట్టుకుని లేచాను. లాప్‌టాప్‌లో ఆమె చుక్క పచ్చగా వెలుగుతోంది. కిందికి దిగితే వాచ్‌మన్ ఆటో ఎక్కించాడు.

రక్తనాళం పగలలేదన్నారు. ఆసుపత్రి మంచం మీంచే ఫోన్ చేసి అరిచాను. "ఏం చూస్తున్నావే అసలు? పచ్చగా వెలుగుతూనే ఉన్నావు గదా!"

అటువైపు ఏడుపు. "బజారుకు పొయ్యిన అక్కా. మౌస్ గడియారం మీద పెట్టిన."

ఆ చిట్కా ఆమెకి నేర్పింది నేనే.