బావి మీద పొయ్యి

ఫరీద్ హైదరాబాదులో ఐదేళ్ళు ఆర్కిటెక్చరు చదివి నరసరావుపేట తిరిగొస్తే, ఊరు అతనికిచ్చిన బిరుదు 'ప్లాన్లు గీసే సాయిబు'. మున్సిపాలిటీ స్టాంపు వేయించుకోవడానికే అతని ప్లాను. ఇల్లు మాత్రం మేస్త్రీ నోటిమాట మీదే లేచేది.

పరువు కోసం 1988లో ఒక పాత కంప్యూటరు కొన్నాడు. కొలతలిస్తే ఇంటి ప్లాను దానంతటదే గీసే ప్రోగ్రాము రాయడానికి ఎనిమిది నెలలు పట్టింది. చేత్తో అయితే అది ఒక పూట పని. ఆ లెక్క అతనెవరికీ చెప్పలేదు.

పంతులు కావాలని అతనికి చదువుకునే రోజుల నుంచీ ఆశ. ఊళ్ళోని ఒక పాలిటెక్నిక్ ప్రిన్సిపాలు నరసింహారావు, "మీ కంప్యూటరు ప్లానుతో ఒక్క ఇంటికి ముగ్గు పోయించి చూపించండి. కుదిరితే మా పిల్లలకు మీరే పాఠం చెబుదురు" అన్నాడు.

రొంపిచెర్లలో ఇల్లు కట్టుకోబోతున్న బుల్లెమ్మ స్థలం దొరికింది. ఇంటికంటే ముందే ఈశాన్యంలో బావి తవ్వించుకుంది ఆవిడ. పునాది గీతలకు సున్నం ముగ్గు పోసే రోజున ఫరీద్ ప్రిన్సిపాలును వెంటబెట్టుకుని వెళ్ళాడు. మేస్త్రీ నాగూర్ వలి అప్పటికే పని ముగించి చేతులు దులుపుకుంటున్నాడు. వంటింటి గీత బావి దాకా వచ్చి ఆగి, బావికి అవతల మళ్ళీ మొదలైంది.

"ఏంది నాయనా, పొయ్యి నూతిలో పెట్టావా?" అంది బుల్లెమ్మ.

"మామూ, బావి కనపడలా నీకు?" అన్నాడు ఫరీద్ మేస్త్రీతో.

"కనపడింది. కంప్యూటరు చెప్పింది గదా, బావి పూడుస్తారేమో అనుకున్నా."

కంప్యూటరు తెర కొలతలను పైనుంచి కిందికి లెక్కపెడుతుంది. ఫరీద్ కాగితం మీద గీసే అలవాటు కొద్దీ కిందినుంచి పైకి ఇచ్చాడు. ప్లాను తలకిందులై, ఆగ్నేయంలో ఉండాల్సిన వంటిల్లు ఈశాన్యానికెక్కింది. వాకిలి తూర్పునే ఉండటంతో అనుమానం రాలేదు. పైపెచ్చు ఆ ప్లాను మీద అందమైన బాణం గీసి 'ఉత్తరం' అని రాసింది తనే.

మిషనుదే తప్పు అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. నరసింహారావు తననే చూస్తున్నాడు.

"తప్పు నాదేనమ్మా" అని చెప్పులు విడిచి, కాలితో ముగ్గు చెరిపి, సున్నం బుట్ట తనే అందుకున్నాడు. కొత్త గీతలు పూర్తయ్యాక బుల్లెమ్మ బిందె చంకనెత్తుకుని బావి నుంచి వంటింట్లోకి నడిచి చూసింది.

"ఇంత సందులో బిందెతో ఎట్టా దూరేది? చానా చదివావు గానీ నీళ్ళు మోసినట్టు లేవు."

అతను తలుపు చోటు అడుగున్నర వెడల్పు పెంచాడు.

నరసింహారావు నవ్వాపుకుంటూ, "సోమవారం వచ్చెయ్యండి. కంప్యూటరు సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు.

సోమవారం ఫరీద్ రిక్షాలో ఒక సున్నం సంచీ, ఒక ఖాళీ బిందె పెట్టుకుని బయల్దేరాడు.

"ఏంది సారూ, ఇల్లు మారతన్నారా?" అనడిగాడు రిక్షా అతను.

"కాలేజీలో పాఠం చెప్పబోతున్నా" అన్నాడు ఫరీద్ ఠీవిగా, బిందె దొర్లిపోకుండా కాలితో అదిమిపెట్టి.